తమతో తామే తలపడే మ్యాచ్: స్ప్రింగ్ గేమ్ చూసి అభిమాని ఏం తెలుసుకోగలడు?

2016 ఏప్రిల్‌లో ఒక శనివారం, ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో 1,00,189 మంది ఒక ఫుట్‌బాల్ మ్యాచ్ చూడ్డానికి వచ్చారు. అవతలి జట్టంటూ ఏదీ లేదు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ కుర్రాళ్లే రెండు జట్లుగా చీలి, రెండు రంగుల చొక్కాలు వేసుకుని ఆడారు. ఆ ఫలితం ఏ పట్టికలోనూ చేరదు. అసలు సీజన్‌కి ఇంకా నాలుగు నెలలకు పైనే ఉంది. అయినా లక్ష మంది కదిలొచ్చారు. ఇంటికెళ్తూ ఈ ఏడాది మన పరిస్థితి ఏంటన్నది ఎవరికి వాళ్లు తేల్చేసుకున్నారు కూడా. ఆ ఏడాది డిసెంబర్ 31న క్లెమ్సన్ చేతిలో 31-0తో, ఒక్క పాయింటైనా లేకుండా ఓడతామని మాత్రం అక్కడ కూర్చున్నవాళ్లలో ఎవరూ అనుకుని ఉండరు.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో (మనకి తెలిసిన సాకర్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని ఆడేది) ఈ తంతుని స్ప్రింగ్ గేమ్ అంటారు. అలబామా వాళ్లకి ఇది ఎ-డే, జార్జియా వాళ్లకి జి-డే, టెనెసీ వాళ్లకి ఆరెంజ్ అండ్ వైట్ గేమ్. సీజన్‌లో పెద్ద మ్యాచ్ టికెట్ కొనాలంటే జేబు ఖాళీ అయ్యే చోట, ఇది ఉచితంగానో కొద్ది డాలర్లకో చూడొచ్చు. కాబట్టి చదువుకోడానికి వెళ్లిన మన తెలుగు కుర్రాళ్లు ఈ ఆట రుచి చూడ్డానికి ఇదో సులువైన దారి. (మనవాళ్లు చాలామంది చేరే యూటీ డాలస్‌కి ఆ భాగ్యం లేదు. దానికి ఫుట్‌బాల్ జట్టే లేదు.) కొత్తగా వెళ్లినవాడు “ఎవరితో మ్యాచ్?” అని అడిగితే “మాతోనే” అన్న జవాబు వస్తుంది. ఈ వ్యాసంలో చెప్పబోయే చిక్కంతా ఆ “మాతోనే” దగ్గరే ఉంది.

వసంతంలో పదిహేను ప్రాక్టీసులు

ముందు ఆట గురించి నాలుగు ముక్కలు. మైదానంలో జట్టుకి 11 మందే ఉంటారు గానీ, కాలేజీ జట్టంటే వంద మంది దాకా కుర్రాళ్లు. బంతి తమ చేతిలో ఉన్నప్పుడు దిగేవాళ్లు అఫెన్స్, అవతలివాళ్ల చేతిలో ఉన్నప్పుడు దిగేవాళ్లు డిఫెన్స్. వీళ్లు వేరు, వాళ్లు వేరు. అఫెన్స్‌కి నాలుగు ప్రయత్నాలిస్తారు. అందులో బంతిని పది గజాలు ముందుకు తీసుకెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి. బంతిని మైదానం చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్. బంతి అందుకుని ఎవరికివ్వాలో, ఎక్కడికి విసరాలో నిర్ణయించేవాడు క్వార్టర్‌బ్యాక్. విసిరిన బంతిని పట్టుకునేవాడు రిసీవర్. క్వార్టర్‌బ్యాక్ మీదికి ఎవరూ రాకుండా ముందు గోడలా నిలబడే ఐదుగురిని అఫెన్సివ్ లైన్ అంటారు.

సీజన్ ఆగస్టు చివర మొదలై జనవరిలో ముగుస్తుంది. ఆ తర్వాత మార్చి, ఏప్రిల్ నెలల్లో ప్రాక్టీసు చేసుకోవడానికి కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ అనుమతిస్తుంది. దానికీ లెక్కుంది. 34 రోజుల్లో 15 ప్రాక్టీసులకు మించకూడదు. మనిషిని పట్టి పడగొట్టే ట్యాకిల్ వాటిలో ఎనిమిదింటికి మించి ఉండకూడదు. ఎక్కువ సేపు పదకొండుమందికి పదకొండుమంది ఎదురుపడి ఆడే సెషన్లు మూడే. ఇలా తమలో తామే మ్యాచ్‌లా ఆడుకోవడాన్ని స్క్రిమేజ్ అంటారు. మొదటి రెండూ మామూలుగా మూసిన తలుపుల వెనక జరిగిపోతాయి. మూడోదానికి గేట్లు తెరిచి, బ్యాండ్ పెట్టి, టీవీలో చూపిస్తే అదే స్ప్రింగ్ గేమ్.

అంటే అభిమాని చూసేది పదిహేనింట్లో ఒక్కటి. కోచ్ పదిహేనూ చూస్తాడు. పైగా ప్రతి ఆటా నాలుగైదు కెమెరాల్లో తిప్పి తిప్పి చూస్తాడు. ఏప్రిల్‌లో అభిమానులకీ కోచ్‌కీ కుదరకపోవడానికి సగం కారణం ఇదే.

తక్కెడలో రెండు వైపులా మన బియ్యమే

ఇక చిక్కు దగ్గరికొద్దాం. మన రిసీవర్ ఒకడు అరవై గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ కొట్టాడు. స్టేడియం ఊగిపోయింది. ఒక అభిమాని “ఈసారి మన అఫెన్స్‌ని ఆపేవాడు లేడు” అంటాడు. పక్క సీటువాడు తల పట్టుకుని “మన డిఫెన్స్‌లో ఇంత పెద్ద కన్నమా!” అంటాడు. ఇద్దరూ చూసింది ఒకే పరుగు. ఇద్దరి మాటల్లోనూ తప్పేం లేదు. ఎందుకంటే దూసుకెళ్లినవాడూ మనవాడే, బోల్తా పడ్డవాడూ మనవాడే.

మామూలు మ్యాచ్‌లో ఈ ఇబ్బంది ఉండదు. అవతలి జట్టు గత వారం ఎవరి మీద ఎలా ఆడిందో మనకి తెలుసు. దాన్ని బట్టి మనవాళ్ల ఆటకి ఒక విలువ కట్టొచ్చు. స్ప్రింగ్ గేమ్‌లో ఆ బయటి కొలత లేదు. తక్కెడలో రెండు పళ్లేల్లోనూ మన బియ్యమే పోస్తే ఏ వైపు మొగ్గిందో తెలుస్తుంది గానీ, మొత్తం ఎన్ని కిలోలున్నాయో తెలియదు. తూకం రాయి సెప్టెంబర్లో గానీ రాదు. అప్పటిదాకా మనవాడు నిజంగా పులో, లేక ఇంట్లో పులి వీధిలో పిల్లి అన్న సామెతలోని పులో చెప్పలేం.

రెండు వైపులా సమానంగా, నీరసంగా ఆడి 10-7తో ముగిసిన రోజు ఇంకా గందరగోళం. డిఫెన్స్ గొప్పదా, అఫెన్స్ చెత్తదా? ఆ స్కోరులో రెండు కథలూ ఇమిడిపోతాయి. నా గమనిక ఒకటుంది: గత ఏడాది జట్టు బాగా ఆడి ఉంటే మొదటి కథ, చితికిపోయి ఉంటే రెండో కథ ఎంచుకుంటారు జనం. అంటే చూసొచ్చింది ఈ ఏప్రిల్ ఆటే అయినా, చెప్పేది పోయిన నవంబర్ కథే.

ఒక లెక్క విప్పి చూద్దాం

ఊహకి ఒక క్వార్టర్‌బ్యాక్‌ని తీసుకుందాం. స్ప్రింగ్ గేమ్‌లో 20 పాసులు విసిరాడు, 14 చేరాయి, 210 గజాలు, 2 టచ్‌డౌన్లు. పాసుకి సగటున 10.5 గజాలు. మర్నాడు పేపర్లో ఈ అంకెలే వస్తాయి. చూడ్డానికి బ్రహ్మాండం.

ఇప్పుడు వాటిని ఎవరి మీద విసిరాడో చూడాలి. జట్టులో ప్రతి స్థానానికీ ఒక వరస ఉంటుంది. సీజన్‌లో మొదట దిగేవాడు, అతనికి దెబ్బ తగిలితే దిగేవాడు, ఆ తర్వాతివాడు. దీన్ని డెప్త్ చార్ట్ అంటారు. మొదటి వరసవాళ్లని ముద్దుగా “వన్స్” అనీ, రెండో వరసని “టూస్” అనీ పిలుస్తారు. మనవాడు వన్స్ డిఫెన్స్ మీద విసిరినవి 8. నాలుగు చేరాయి, 38 గజాలు, టచ్‌డౌన్ లేదు. మిగతా 12 టూస్ మీద. వాటిలో పది చేరాయి, 172 గజాలు, రెండు టచ్‌డౌన్లూ అక్కడివే. పాసుకి మొదటిచోట 4.75 గజాలు, రెండోచోట 14కి పైన. ఒకే కుర్రాడు, ఒకే మధ్యాహ్నం. 10.5 అన్న సగటు మాత్రం ఏ వరస మీదా ఆడని ఒక లేని మనిషిది.

సీజన్‌లో ఎదురయ్యేది వన్సే కాబట్టి 4.75నే నమ్మాలా అంటే, అదీ తొందరే. ఎనిమిది పాసులు చాలా తక్కువ. ఒక్కటి చేతిలోంచి జారకుండా ఉంటే లెక్క మారిపోయేది. ఇదే వన్స్ డిఫెన్స్ అసలు సీజన్‌లో దేశంలోకెల్లా గట్టిదని తేలితే, ఈ 4.75 కూడా గౌరవమైన అంకే అవుతుంది. ఏప్రిల్‌లో ఆ సంగతి తెలిసే మార్గం లేదు.

ముట్టుకుంటే ఔట్

అంకెల్ని వంకర తిప్పేవి ఇంకా ఉన్నాయి. క్వార్టర్‌బ్యాక్‌కి సాధారణంగా వేరే రంగు జెర్సీ తొడుగుతారు. అతన్ని పడగొట్టకూడదని దాని అర్థం. డిఫెన్స్‌వాడు దగ్గరికొచ్చి ముట్టుకున్నా, ఒక్కోసారి ముట్టుకునేంత దూరానికి వచ్చినా, ఈల ఊదేసి అతను దొరికిపోయినట్టు రాస్తారు. మన చిన్నప్పటి అంటుకునే ఆట లాంటిదే అనుకోండి. నిజం మ్యాచ్‌లో అయితే కాళ్లలో చురుకున్న కుర్రాడు ఆ చేతుల్లోంచి జారుకుని పదిహేను గజాలు పరుగెత్తేవాడేమో. అందుకని పరుగు బలంగా ఉన్న క్వార్టర్‌బ్యాక్ స్ప్రింగ్‌లో ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తాడు, డిఫెన్స్ ఎక్కువగా కనిపిస్తుంది.

2010లో ఆబర్న్ స్ప్రింగ్ గేమ్‌లో కామ్ న్యూటన్ విసిరిన పాసులు పదికి లోపే. చూసి మురిసిపోవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. భుజబలంతో మనుషుల్ని గుద్దుకుంటూ పోయే ఆటగాడి దగ్గర్నుంచి ఆ గుద్దుకోవడం తీసేస్తే ఏం మిగులుతుంది? ఆ సీజన్‌లో ఆబర్న్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా జాతీయ చాంపియన్ అయింది. దేశంలో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ న్యూటన్‌కి వచ్చింది.

అఫెన్సివ్ లైన్ సంగతి మరీ అన్యాయం. ఆ ఐదుగురూ నెలల తరబడి పక్కపక్కన నిలబడితే గానీ ఎవరు ఎటు కదులుతారో ఒకరికొకరికి అర్థం కాదు. స్ప్రింగ్ గేమ్‌లో రెండు జట్లూ సరితూగాలని కోచ్‌లు ఈ ఐదుగురినీ ఇటు ముగ్గురు, అటు ఇద్దరుగా పంచినప్పుడు, సీజన్‌లో కలిసి ఆడబోయే గోడ ఆ రోజు అసలు కట్టనే లేదన్నమాట. “మన లైన్ జల్లెడలా ఉంది” అని బాధపడుతూ ఇంటికెళ్లిన అభిమాని చూసింది లేని లైన్‌ని.

పాయింట్ల పద్ధతీ ఒక్కో చోట ఒక్కో రకం. కొందరు అఫెన్స్‌ని ఒక జట్టుగా, డిఫెన్స్‌ని ఇంకో జట్టుగా పెట్టి, ప్రత్యర్థిని ఆపినందుకు కూడా డిఫెన్స్‌కి పాయింట్లిస్తారు. తర్వాతి అర్ధభాగంలో గడియారం ఆపకుండా నడిపేసే చోట్లున్నాయి. కిక్ కొట్టాక పరుగెత్తి వచ్చి గుద్దుకునే ఘట్టాల్ని దెబ్బలు తగులుతాయని చాలామంది తీసేస్తారు. ఇక ఎత్తుగడలు. సెప్టెంబర్లో ఆడబోయే జట్ల కోచ్‌లు కూడా టీవీ చూస్తారు కాబట్టి, కొత్తగా నేర్పినదేదీ ఆ రోజు బయటపెట్టరు. నాలుగైదు పాత ఎత్తుగడలే తిప్పి తిప్పి ఆడిస్తారు. “మన ప్లే-కాలింగ్ ఇంత చప్పగా ఉందేంటి?” అని అడిగేవాళ్లు ఏటా ఉంటారు. చప్పగా ఉండడమే ఆ రోజు కోచ్ పని.

అభిమాని కన్ను, కోచ్ కన్ను

అయితే అభిమాని చూపుకి విలువే లేదా? ఈ ప్రశ్నకి అలబామా, ఒహాయో స్టేట్ రెండు వేర్వేరు జవాబులిచ్చాయి.

2017 వసంతంలో అలబామాకి క్వార్టర్‌బ్యాక్ సమస్యే లేదు. జేలెన్ హర్ట్స్ అంతకుముందు సీజన్‌లో, కాలేజీలో అడుగుపెట్టిన మొదటి ఏడాదే, తమ లీగ్ ఎస్‌ఈసీలో ఉత్తమ అఫెన్స్ ఆటగాడయ్యాడు. ఎ-డే నాడు హవాయి నుంచి కొత్తగా వచ్చిన టువా టాగోవైలోవా మూడు వందల గజాలకు పైగా విసిరి, మూడు టచ్‌డౌన్లు కొట్టాడు. హర్ట్స్ కూడా మూడు వందలు దాటించాడు. కానీ జనం మాట్లాడుకున్నది ఎడమచేత్తో విసిరే ఆ కొత్త కుర్రాడి గురించే. కోచ్ నిక్ సేబన్ మాత్రం సీజనంతా హర్ట్స్‌నే దించాడు, జట్టు గెలుస్తూ పోయింది. చివరికి 2018 జనవరి 8న జార్జియాతో జాతీయ ఫైనల్లో సగం ఆటకి 13-0తో వెనకబడ్డాక టువాని దించాడు. అదనపు సమయంలో అతను విసిరిన 41 గజాల పాసుతో అలబామా 26-23తో గెలిచింది. ఏప్రిల్‌లో అభిమాని చూసింది నిజమే. కానీ హర్ట్స్‌ని నమ్మినందుకు కోచ్‌ని తప్పుపట్టడమూ కష్టం, ఫైనల్ దాకా తెచ్చింది అతనే కదా.

2018 ఏప్రిల్‌లో ఒహాయో స్టేట్‌లో క్వార్టర్‌బ్యాక్ పదవికి పోటీ. స్ప్రింగ్ గేమ్‌లో జో బరో రెండు వందల గజాలకు పైగా విసిరి బాగానే ఆడాడు. అయినా డ్వేన్ హాస్కిన్స్ వైపే గాలి వీస్తోందని అతనికి అర్థమైంది. డిగ్రీ చేతికి రాగానే మే నెలలో లూసియానాలోని ఎల్‌ఎస్‌యూకి వెళ్లిపోయాడు. 2019లో అక్కడ 60 టచ్‌డౌన్ పాసులు, హైస్‌మన్, ఆడిన 15 మ్యాచ్‌లూ గెలిచి జాతీయ చాంపియన్‌షిప్. ఇంత చెప్పగానే “చూశారా, కోచ్‌లకి కళ్లు లేవు” అనాలనిపిస్తుంది. ఆగండి. హాస్కిన్స్ ఆ 2018 సీజన్‌లోనే 50 టచ్‌డౌన్ పాసులతో తమ లీగ్ రికార్డు బద్దలుకొట్టాడు. కోచ్ ఎంపిక తప్పలేదు. ఒకే గదిలో ఇద్దరు ఉద్దండులున్నారన్న విషయం ఒక్క మధ్యాహ్నపు ఆటలో ఎవరికీ అందలేదంతే.

కొలరాడో కథ వేరే రకం. 2022లో పన్నెండు మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచిన ఆ జట్టుకి కోచ్‌గా, ఒకప్పుడు ఎన్‌ఎఫ్ఎల్‌లో (అమెరికా ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్) వెలిగిన డియాన్ శాండర్స్ వచ్చాడు. 2023 ఏప్రిల్‌లో మంచు కురుస్తుండగా బౌల్డర్‌లో జరిగిన స్ప్రింగ్ గేమ్‌కి 47,277 టికెట్లూ అమ్ముడుపోయాయి. ఈఎస్‌పీఎన్ దేశమంతా చూపించింది. ఆ రోజు హీరో మోంటానా లెమోనియస్-క్రెయిగ్. కోచ్ కొడుకు, క్వార్టర్‌బ్యాక్ షెడూర్ శాండర్స్ పాసందుకుని 98 గజాల టచ్‌డౌన్ కొట్టాడు. అభిమానులు ఆ పేరు నేర్చుకునేలోపే అతను కాలేజీ వదిలేసి అరిజోనాకి వెళ్లిపోయాడు. మైదానంలో కనిపించినవాళ్లలో ఇంకా చాలామంది ఆ కొద్ది రోజుల్లోనే వెళ్లిపోయారు, వాళ్ల స్థానాల్లో కొత్తవాళ్లొచ్చారు. అప్పుడు ఆ స్ప్రింగ్ గేమ్ చూసి జట్టుని అంచనా వేసినవాడి పరిస్థితి ఏంటి? ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం. సీజన్ మొదలయ్యాక కొలరాడో మొదటి మూడు మ్యాచ్‌లూ గెలిచి దేశాన్ని ఊపేసి, చివరికి 4 గెలుపులు, 8 ఓటములతో ముగించింది.

అవతలివాడితో పని లేని విషయాలు

తక్కెడ చిక్కు అన్నింటికీ వర్తించదు. ఎదుటివాడి సత్తా మీద ఆధారపడనివి కొన్ని ఉంటాయి. వాటి దగ్గర అభిమాని కన్నుని నమ్మొచ్చు. కిక్కర్ 45 గజాల నుంచి కొట్టిన బంతి రెండు స్తంభాల మధ్య నుంచి పోయిందా లేదా? ఆ స్తంభాలు మన జట్టులోవి కావు. ఒంటరిగా నిలబడ్డ రిసీవర్ చేతుల్లో పడిన బంతిని జారవిడిచాడా? లైన్ మధ్యలో నిలబడే సెంటర్ వెనక్కి అందించే బంతి క్వార్టర్‌బ్యాక్ తల మీదుగా పోతోందా? ఇలాంటి పొరపాట్లు ఎవరి మీద ఆడినా పొరపాట్లే. అలాగే, గత ఏడాది సన్నగా ఉన్న కుర్రాడు ఇరవై పౌండ్లు పెరిగి వచ్చాడంటే అది కళ్లకి కనిపించే నిజం.

ఎవరు ఏ వరసలో దిగారన్నది స్కోరుకన్నా ఎక్కువ చెబుతుంది. హైస్కూల్ ముందే ముగించుకుని జనవరిలో చేరిన పద్దెనిమిదేళ్ల కుర్రాడు వన్స్‌తో కలిసి దిగాడంటే, పద్నాలుగు ప్రాక్టీసులు చూసిన కోచ్ తన అభిప్రాయం చెప్పేసినట్టే. అభిమాని చూడలేకపోయిన పద్నాలుగింటి సారం ఆ వరసలో దొరుకుతుంది. దీనికీ ఒక మినహాయింపుంది: ఇదివరకే నిరూపించుకున్నవాళ్లకి, దెబ్బల నుంచి కోలుకుంటున్నవాళ్లకి ఆ రోజు విశ్రాంతినిస్తారు. వాళ్ల ఖాళీలో దిగినవాడిని చూసి పాతవాడి ఉద్యోగం ఊడిందనుకోకూడదు.

ఉంచాలా, తీసేయాలా

ఈ మధ్య గొడవ స్ప్రింగ్ గేమ్‌ని ఎలా చదవాలన్నది దాటి, అసలది ఉండాలా వద్దా అన్నదాకా వచ్చింది. దీనికి మూలం ట్రాన్స్‌ఫర్ పోర్టల్. ఒక కాలేజీ వదిలి ఇంకో కాలేజీకి వెళ్లాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే వ్యవస్థ అది, 2018లో మొదలైంది. 2021 నుంచి మొదటిసారి మారినవాడు ఏడాది ఖాళీగా కూర్చోవాల్సిన పని లేకుండా పోయింది. అదే ఏడాది జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకున్నందుకు డబ్బు తీసుకోవచ్చన్నారు. 2024కల్లా ఎన్నిసార్లయినా మారొచ్చన్నారు. ఏప్రిల్‌లో కూడా పోర్టల్ తెరుచుకునేది. కాబట్టి స్ప్రింగ్ గేమ్‌లో మెరిసిన కుర్రాడు మర్నాటికల్లా బేరానికి నిలబడ్డట్టే.

2025లో నెబ్రాస్కా కోచ్ మాట్ రూల్ ఆ మాటే బయటికి చెప్పి, తన కుర్రాళ్లని టీవీలో చూపించి అందరికీ ఎర వేయలేనంటూ మామూలు స్ప్రింగ్ గేమ్ మానేశాడు. టెక్సస్ కోచ్ స్టీవ్ సార్కిసియన్ కూడా రద్దు చేశాడు, కానీ కారణం వేరు: రెండు సీజన్లలో 30 మ్యాచ్‌లు ఆడిన ఒళ్లు అలసిపోయాయి, ఆ ఒక్క రోజుని మామూలు ప్రాక్టీసుకి వాడుకుంటే మేలన్నాడు. అదే ఏప్రిల్‌లో టెనెసీలో ఆరెంజ్ అండ్ వైట్ గేమ్ ముందురోజు క్వార్టర్‌బ్యాక్ నికో యామలియావా ప్రాక్టీసుకే రాలేదు. మర్నాటికి జట్టు అతన్ని వదులుకుంది, తర్వాత అతను యూసీఎల్‌ఏలో చేరాడు. మైదానంలో ఆట జరుగుతుంటే జనమంతా లేని మనిషి గురించే మాట్లాడుకున్నారు.

వద్దనేవాళ్ల వాదనలో ఒక మెలిక ఉంది. పేరున్న ఆటగాడిని ఎగరేసుకుపోవాలనుకునేవాడికి సీజనంతా ఆడిన వీడియో చేతిలో ఉంటుంది, స్ప్రింగ్ గేమ్‌తో పనేముంది? భయమంతా ఇంకా ఎవరికీ తెలియని రెండో వరస కుర్రాళ్ల గురించే. 2026 నుంచి పోర్టల్‌ని జనవరిలో ఒక్కసారే తెరవాలని ఎన్‌సీఏఏ తేల్చాక, ఏప్రిల్ తలుపు మూసుకుపోయింది కాబట్టి ఆ భయమూ కొంత తగ్గాలి. సార్కిసియన్ చెప్పిన అలసట కారణం మాత్రం అలాగే ఉంది. సీజన్ చివర జాతీయ చాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్ 12 జట్లకి పెరిగాక పైదాకా వెళ్లే జట్టు 16 మ్యాచ్‌లు ఆడాల్సి రావచ్చు.

ఉండాలనేవాళ్లు కొలతల జోలికే పోరు. 2013లో ఇదే నెబ్రాస్కా స్ప్రింగ్ గేమ్‌లో మెదడు క్యాన్సర్‌తో పోరాడుతున్న ఏడేళ్ల పిల్లాడికి జెర్సీ తొడిగి, చేతికి బంతిచ్చారు. 69 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. రెండు వైపుల ఆటగాళ్లూ వాడిని ఎత్తుకున్నారు. ఫలితంతో పని లేని మ్యాచ్ కాబట్టే అది కుదిరింది. సీజన్ టికెట్ కొనలేని కుటుంబం పిల్లల్ని తీసుకొచ్చేదీ, ఎప్పటికీ అసలు మ్యాచ్‌లో దిగలేని నాలుగో వరస కుర్రాడు తల్లిదండ్రుల ముందు ఒక్క పాసందుకునేదీ ఈ రోజే అంటారు వాళ్లు.

డియాన్ శాండర్స్ మూడో దారి చెప్పాడు. మాతో మేమే ఎందుకు, ఎన్‌ఎఫ్ఎల్ జట్లు సీజన్ ముందు వేరే జట్టుతో కలిసి ప్రాక్టీసు చేసినట్టు మేమూ చేస్తాం అన్నాడు. సిరక్యూస్ కోచ్ ఫ్రాన్ బ్రౌన్ మేం వస్తామన్నాడు. ఒప్పుకుని ఉంటే తక్కెడలో మొదటిసారి బయటి రాయి పడేది. అప్పటికే చాలా జట్ల వసంతం ముగిసిపోయింది, అందరికీ ఆ అవకాశం రాదంటూ 2025 ఏప్రిల్‌లో ఎన్‌సీఏఏ కుదరదంది. ఆ నెలలోనూ కొలరాడో కొలరాడోతోనే ఆడింది.